చారు మీద చిన్నచూపు వద్దు



ఏటా మన వార్షికోత్సవంలో తప్పకుండా ఉండే అంశం ఒకటుంది. ప్రార్థన గీతం అయిపోయాక, అతిథుల ప్రసంగాలు అయిపోయాక, చిన్న తరగతుల పిల్లలు వేసే హాస్య నాటిక. అందులో ఒకడు చొక్కా విప్పి, తువ్వాలు నడుముకి చుట్టుకుని చారు బకెట్లో ఈతకు దూకబోతాడు. పక్కవాడు "ఒరేయ్, అడుగున పప్పుబద్ద దొరికితే నాకూ చూపించరా" అంటాడు. హాలంతా గొల్లుమంటుంది. పూర్వ విద్యార్థులు ఇంకాస్త గట్టిగా నవ్వుతారు. ఇరవై ఏళ్ల కిందట వాళ్లు వేసిందీ ఈ నాటికే మరి!

మేమూ నవ్వినవాళ్లమే. ఇక్కడ 'మేము' అంటే ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నవాళ్లం కొందరం, ఉండి వెళ్లినవాళ్లం కొందరం. ఆ నవ్వు గురించి కూర్చుని మాట్లాడుకున్నాక ఈ వ్యాసం రాయాలనిపించింది. నీళ్ల చారు మీద జోకు ఒక్క మనకే సొంతం కాదు. ఏ ఊరి హాస్టల్‌కి వెళ్లినా వినిపిస్తుంది. అయితే చారు పలుచనైతే తప్పు చారుది కాదని మా అభిప్రాయం. చారంటే పేదవాడి తిండి, పనికిమాలిన తిండి అని మనకు మనమే అనుకోవడం వల్ల మూడు పోగొట్టుకుంటున్నాం. ఒకటి, మన ఇంటి వంట మీద గౌరవం. రెండు, మన చేత్తో మనం వండుకోగల నేర్పు. మూడు, చారు పలుచగా ఉన్నప్పుడు ఎందుకుందని నిలబడి అడిగే ధైర్యం.

రొయ్యల డబ్బా కథ

ఒక సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన సంగతి ఇది. సముద్రం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తొమ్మిదో తరగతి తమ్ముడు ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకున్నాడు. అందులో వాళ్లమ్మ వండి ఇచ్చిన ఎండు రొయ్యల ఇగురు ఉంది. పొద్దున బస్సెక్కి, బందరులో మారి, సాయంత్రానికి చేరాడు. డబ్బా మూత తీయగానే గదిలో "అబ్బా, ఏంట్రా ఈ కంపు" అని గోల. వాడు మూత పెట్టేసి, ఆ డబ్బా ట్రంకుపెట్టె వెనక దాచాడు. మర్నాడు కాలవ గట్టు మీద పారబోసి, డబ్బా కడుక్కుని వచ్చాడు. గోల చేసినవాళ్లలో మేమూ ఉన్నాం. చేసినవాళ్లంతా అవే రొయ్యలు తిని పెరిగినవాళ్లమే. అదే అన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి.

జపాన్ వాళ్లు రోజూ తాగే చారు ఒకటుంది, మీసో సూపు. దానికి మూలం 'దాషి' అనే కట్టు. ఎండిన సముద్రపు నాచును నీళ్లలో నానబెట్టి వేడిచేస్తారు. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, దాన్ని తురిమి ఆ నీళ్లలో వేసి వడగడతారు. పులియబెట్టిన సోయా ముద్దను అందులో కలిపితే మీసో సూపు. అంటే ఎండు చేప నీళ్లే కదా! 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఈ చారుకి అంత రుచి ఎందుకొచ్చిందని పరిశోధించాడు. ఆ నాచు నుంచి గ్లుటామేట్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదులకు తోడు ఇదో వేరే రుచి అని చెప్పి దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది నుంచి అది పొడిగా అమ్మకానికి వచ్చింది. మన ఊళ్లలో నూడిల్స్ బండివాడు చిటికెడు చల్లే అజినొమోటో అదే. తర్వాత 1913లో ఆయన శిష్యుడు కొడామా ఎండు చేపలోని రుచికి కారణమైన ఇంకో పదార్థాన్ని కనిపెట్టాడు.

వాళ్లు ఎండు చేప వాసన వస్తే ఆ రుచి ఎక్కడిదని వెతికారు. మేము ముక్కు మూసుకున్నాం. తేడా చేపలో లేదు, మా చూపులో ఉంది. ఆ తమ్ముడికి ఈ పేజీ సాక్షిగా క్షమాపణ చెబుతున్నాం.

చారు పుట్టిల్లు ఎక్కడ?

సూపు అనగానే పెళ్లి విందుల్లో కప్పులో పోసి ఇచ్చేది, స్టార్ హోటళ్లలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టేది అనుకుంటాం. చరిత్ర చూస్తే సంగతి తిరగబడి ఉంటుంది. ఫ్రెంచి భాషలో 'సూప్' అనే మాటకు మొదటి అర్థం, కట్టులో నానబెట్టిన రొట్టె ముక్క. ఎండిపోయిన రొట్టెను పారేయలేని ఇళ్లలో పుట్టిన తిండి అది. 'రెస్టారెంట్' అనే మాట కూడా ముందు హోటల్‌కి పేరు కాదు. నీరసించిన మనిషికి సత్తువ తెచ్చే మాంసపు కట్టును ఫ్రాన్సులో ఆ పేరుతో పిలిచేవారు. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆ కట్టు అమ్మే దుకాణాలు వెలిశాయి. కాలక్రమేణా దుకాణానికే ఆ పేరు నిలిచిపోయింది. జ్వరం వచ్చినప్పుడు అమ్మ కాచే మిరియాల చారు చేసే పనికి పెట్టిన పేరే నేడు ఊరూరా హోటళ్ల బోర్డుల మీద వెలుగుతోందన్నమాట.

మిరియాల చారు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోమాట. ఇంగ్లండులో 'మల్లిగటానీ' అనే సూపు ఉంది. అది తమిళంలో 'మిళగు తణ్ణి', అంటే మిరియాల నీళ్లు. మద్రాసు రాజధానిలో ఉన్న తెల్లదొరలు అన్నంలోకి పోసుకునే చారును విడిగా గిన్నెలో పోయించుకుని, అందులో మాంసం ముక్కలు వేయించుకుని తమ దేశం పట్టుకెళ్లారు. మన బందరులో ఆంగ్లేయులు వర్తక స్థావరం పెట్టింది 1611లో, మద్రాసుకంటే ముందు. వాళ్లు ఇక్కడి కలంకారీ అద్దకాలు కొనుక్కెళ్లారని పాఠాల్లో చదివాం. వంటలు కూడా పట్టుకెళ్లారని మాత్రం ఏ పాఠమూ చెప్పలేదు.

రాకపోకలు ఒకవైపే జరగలేదు. ఇవాళ మన చారులో పడే టమాటా, ఎండుమిర్చి రెండూ అమెరికా ఖండం పంటలే. 1492 తర్వాత, పోర్చుగీసు వంటి ఐరోపా వర్తకుల ఓడల మీద ఇటు వచ్చాయి. అంతకుముందు మన పెద్దల చారుకి కారం మిరియాలదే, పులుపు చింతపండుదే. అనాదిగా ఏ మార్పూ లేకుండా వచ్చిన వంట అంటూ ఎవరిదీ ఉండదు. కాబట్టి 'మా వంట గొప్పది, మీ వంట తక్కువది' అనే మాట చారు ముందు నిలవదు.

ఉలవలు ఎవరివి? కట్టు ఎవరిది?

ఉలవచారు అంటే కృష్ణా జిల్లా అని లోకమంతా ఒప్పుకుంది. హైదరాబాదులో ఉలవచారు బిర్యానీ అమ్ముతున్నారు. 2014లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. సీసాల్లో నింపి విదేశాలకు పంపుతున్నారు. సంతోషమే. కానీ ఆ చారు ఎలా పుట్టిందో మన తాతలను అడిగితే వేరే కథ చెబుతారు.

దుక్కి ఎడ్లకు బలం కోసం ఆసాములు ఉలవలు పెట్టించేవారు. రాత్రి నానబోసి, తెల్లవారుజామున పెద్ద కుండలో ఎసరు పెట్టి, పొయ్యి దగ్గర కూర్చుని గంటల తరబడి ఉడకబెట్టేది పాలేరు. మాలో చాలామంది తాతలు పాలేరుతనం చేసినవాళ్లే. ఉడికిన గుగ్గిళ్లు ఎడ్ల గాడిలోకి వెళ్లేవి. ఎర్రగా దిగిన కట్టు ఆసామి వంటింట్లోకి వెళ్లి, చింతపండు, పోపు పడి, మీగడతో విస్తట్లోకి చేరేది. మంట పెట్టిన మనిషికి ఓ గుప్పెడు గుగ్గిళ్లు, దయ ఉంటే ఓ ముంత కట్టు. మా వాళ్లలో ఒకరి తాతయ్య ఈ మాట చెప్పి, "ఆ పొయ్యి దగ్గర కూర్చుని వాసన పీల్చి పీల్చి పెరిగాను రా" అన్నాడట.

ఈ కథ ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. లోకమంతా మెచ్చుకునే ఈ రుచిలో మన తాతల నిద్రలేని తెల్లవారుజాములు ఉన్నాయని చెప్పడానికే. ఆ చారును గొప్పగా చెప్పుకునే హక్కు అందరితోపాటు మనకూ ఉంది. ఇంకో విషయం. నూరు గ్రాముల ఉలవల్లో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు. కందిపప్పుకి ఏమాత్రం తీసిపోవు. ఇనుము కూడా బాగా ఉంటుంది. అయితే బలం ఎక్కువ భాగం గింజలోనే మిగిలిపోతుంది. కట్టులోకి దిగేది కొంతే. అందుకని ఇవాళ ఇంట్లో ఉలవచారు కాచేవాళ్లు గుగ్గిళ్లను పారేయకూడదు. ఉల్లిపాయ, ఎండుమిర్చితో తాలింపు పెట్టుకుని తినాలి. ఎడ్లకు తెలిసిన సంగతి మనకు తెలియకపోతే ఎలా?

గుమ్మడికాయ సూపు, చవదార్ చెరువు

కరీబియన్ సముద్రంలో హైతీ అనే చిన్న దేశం ఉంది. ఒకప్పుడు అది ఫ్రెంచివాళ్ల వలస. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లజాతి వాళ్లు అక్కడి తోటల్లో చాకిరీ చేసేవారు. యజమానుల బల్ల మీద గుమ్మడికాయ సూపు ఉండేది. గుమ్మడి పండించింది బానిసలు, వండింది బానిసలు, తినే వీలు మాత్రం వాళ్లకు లేదు. తిరగబడి, పోరాడి, నెపోలియన్ సైన్యాన్నే ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. నాటి నుంచి ఏటా జనవరి 1న హైతీలో ప్రతి ఇంట్లో ఆ గుమ్మడికాయ సూపే వండుకుంటారు. 'సూప్ జూము' అంటారు. 2021 డిసెంబరులో యునెస్కో దాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది, యుద్ధం నడుమ, ఉక్రెయిన్ బీట్‌రూట్ చారు 'బోర్ష్' వండే సంప్రదాయాన్ని కూడా కాపాడుకోవాల్సిన వారసత్వంగా గుర్తించింది.

హైతీ సంగతి చదివినప్పుడు మాకు మహద్ గుర్తొచ్చింది. 1927 మార్చి 20న డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగారు. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని చాటడానికని ఆయన చెప్పిన మాటల సారం. చారుకి మొదట కావలసింది నీళ్లు. నీళ్ల దగ్గరే మనిషిని ఆపేసిన దేశంలో, ఒకే గుండిగలో కాగిన చారును అన్ని కులాల పిల్లలు ఒకే బంతిలో కూర్చుని తాగడం చిన్న విషయం కాదు. ఇది పాతకాలపు గొడవ అనుకోవద్దు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత మహిళ వండిందని కొందరు పిల్లలు మధ్యాహ్న భోజనం మానేశారు. ఆమెను పనిలోంచి తీసేస్తే పత్రికలన్నీ రాశాయి. ఆ తర్వాత మళ్లీ తీసుకున్నారు. మన బంతి భోజనం విలువ ఆ రోజు మాకు తెలిసింది.

మా దివిసీమ మిత్రుల ఇళ్లలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ రోజుల్లో, సహాయం అందేదాకా పస్తులున్నవాళ్లు వేడి గంజి నోట పడ్డాక బతికామనుకున్నారట. "ఆ గంజి ఎవరు వండారని ఎవరూ అడగలేదురా" అని ఒక నాయనమ్మ చెప్పిన మాట మా అందరికీ నచ్చింది. ఉప్పెన వస్తే అడగని ప్రశ్న, ఎండ కాస్తే మాత్రం ఎందుకు అడగాలి?

పలుచని చారు సంగతి కూడా మాట్లాడాలి

చారును ఇంతగా పొగుడుతున్నారు, రేపు గుడ్డు, పాలు తీసేసి చారే పోస్తే సంతోషిస్తారా అని ఒక మిత్రుడు గట్టిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే చరిత్రలో ఇంకోవైపు కూడా చూడాలి.

1790 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన పేదల కోసం ఒక సూపు తయారు చేయించాడు. బార్లీ, బఠాణీ, బంగాళాదుంప, ఉప్పు, కాస్త వెనిగర్, బోలెడు నీళ్లు. తక్కువ ఖర్చుతో ఎక్కువమంది కడుపు నింపాలన్నది ఆయన పట్టుదల. అది మంచిదే. కానీ సరిగ్గా కాస్తే నీళ్లే బలమైన ఆహారంగా మారతాయని ఆయన నమ్మాడు! పెద్ద శాస్త్రవేత్త నమ్మినా నీళ్లు నీళ్లే. 1847లో ఐర్లండు కరువులో అలెక్సీ సోయర్ అనే పేరుమోసిన వంటగాడు డబ్లిన్‌లో సూపు కేంద్రం పెట్టాడు. ఆయన ఇచ్చిన ఒక లెక్క చూడండి. తొమ్మిది లీటర్ల నీళ్లకు సుమారు 115 గ్రాముల మాంసం, కాస్త కొవ్వు, కొంచెం పిండి, కొంచెం బార్లీ. ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని నాటి వైద్యులే విమర్శించారు. అయినా ఆ ఏడాది వేసవిలో ఐర్లండులో రోజుకు ముప్పై లక్షల మంది దాకా ప్రభుత్వ సూపు మీద ఆధారపడ్డారు. సూపు వాళ్ల ప్రాణాలు నిలిపింది. అదే సూపు ఎంత పలుచగా పోయొచ్చో పాలకులకు నేర్పింది.

మన మద్రాసు రాజధానిలోనూ ఇలాంటిదే జరిగింది. 1876-78 ధాత కరువులో కరువు పనికి వచ్చినవాళ్ల కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యానికి కుదించాడు. కష్టం చేసే ఒంటికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. కొన్ని నెలల్లోనే ఆ కొలతను సడలించాల్సి వచ్చింది. సర్కారు ఉద్యోగిగా ఉండి పేదల పళ్లెం గురించి లెక్కలతో సహా వాదించిన ఆ డాక్టరు మనకు ఆదర్శం కావాలి.

మనమూ ఓ చిన్న లెక్క వేద్దాం. వందమందికి కాచే చారులో కిలో కందిపప్పు వేస్తే తలకు పది గ్రాములు. అందులో మాంసకృత్తులు రెండు గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు. కాబట్టి చారు ఎప్పటికీ గుడ్డుకు బదులు కాదు, పప్పుకు బదులు కాదు. చారు చారే. అన్నాన్ని దించడానికి, అరిగించడానికి, జ్వరాన జిహ్వ లేపడానికి. చారును తెలిసినవాడే చారులో ఏం తగ్గిందో చెప్పగలడు. జోకు వేసి ఊరుకునేవాడు చెప్పలేడు. "పప్పుబద్ద దొరికితే చెప్పరా" అని నవ్వడం కంటే "వందమందికి పప్పు ఎంత పడాలి, ఎంత పడింది" అని మెస్ కమిటీలో అడగడం మేలు. అడగడం తప్పు కాదు. ఆ కమిటీ ఉన్నదే అందుకు.

ఆదివారం మూడు గుండిగలు

మాటలు చెప్పి ఊరుకోకూడదని, సార్ అనుమతితో ఒక ఆదివారం సాయంత్రం పెరట్లో ఇటుకల పొయ్యిలు పెట్టాం. మూడు చారులు కాచాం. డబ్బులు పూర్వ విద్యార్థులు పంపారు. నేర్పింది మన వంట అక్క.

మొదటిది ఉలవచారు. నలుగురికి కొలత రాస్తున్నాం. పావుకిలో ఉలవలు రాళ్లు లేకుండా ఏరి, కడిగి, రాత్రి నానబెట్టాలి. రెండు లీటర్ల నీళ్లతో మెత్తగా ఉడికించాలి. కుక్కరైతే ఏడెనిమిది కూతలు, కట్టెల పొయ్యి అయితే ఓపిక. కట్టు వార్చి, గుప్పెడు గుగ్గిళ్లు రుబ్బి అందులో కలపాలి. నిమ్మకాయంత చింతపండు రసం, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, ఉప్పు, కారం వేసి సన్నసెగ మీద చిక్కబడేదాకా మరగనివ్వాలి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టాలి. తొందరపడితే పచ్చివాసన వస్తుంది. మా మొదటి గుండిగకు అదే జరిగింది. వంట అక్క రుచి చూసి, "ఇంకో గంట కూర్చోండ్రా. పరీక్షలప్పుడు కూర్చోరూ?" అంది. కూర్చున్నాం.

రెండోది ఈజిప్టు వాళ్ల పప్పు సూపు. కువైట్‌లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి అన్నయ్య గదిలో ఈజిప్టువాళ్లు ఉండేవారట. వాళ్ల దగ్గర నేర్చుకుని ఫోన్లో చెప్పాడు. ఒక గ్లాసు మైసూరు పప్పు, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక టమాటా, నాలుగు వెల్లుల్లి రేకలు, ఆరు గ్లాసుల నీళ్లు. మెత్తగా ఉడికాక పప్పుగుత్తితో మెదిపి, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి, దించాక నిమ్మకాయ పిండాలి. అరగంటలో అయిపోయింది. "ఇది మన కట్టు చారుకి మేనత్త కొడుకులా ఉందే" అన్నాడు ఇంటర్ తమ్ముడొకడు.

మూడోది హైతీ సూపు. వాళ్లు గొడ్డుమాంసం ముక్కలు వేస్తారు. మేము కోడి మెడలు, ఎముకలు వేశాం. వాటిని నిమ్మరసంతో కడిగి, వెల్లుల్లి, మిరియాలు పట్టించి ఉడికించాం. గుమ్మడికాయ విడిగా ఉడికించి, మెదిపి ఆ కట్టులో కలిపాం. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, చివర్లో గుప్పెడు సేమ్యా. వంట అక్క గరిటెతో తిప్పి చూసి ఒక్కటే మాట అంది: "ఇంత కష్టపడి దప్పళం చేశారా?" నిజమే. సంక్రాంతికి మన ఇళ్లలో కాగే గుమ్మడికాయ దప్పళానికి, జనవరి 1న హైతీలో కాగే సూపుకి మధ్య తేడా చింతపండు, బెల్లం ముక్క, రెండు వారాలు.

ఆ రాత్రి రొయ్యల డబ్బా తమ్ముడు మూడు గిన్నెలూ తాగి, "ఈసారి ఇంటి నుంచి ఎండు రొయ్యలు తెస్తాను, చింతకాయ వేసి పులుసు కాద్దాం" అన్నాడు. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

మా విన్నపాలు

ఇదంతా చదివి "మగపిల్లలకు వంటెందుకు?" అనేవాళ్లు ఉంటారు. ఇంటర్ అయ్యాక విజయవాడో హైదరాబాదో వెళ్లి గదిలో ముగ్గురం ఉండి, మూడు పూటలా నూడిల్స్ పొట్లాలు తిని, కడుపులో మంటతో ఆస్పత్రికి వెళ్లిన అన్నయ్యలను అడగండి. చారు కాచడం వచ్చినవాడు పది రూపాయల చింతపండు, చిటికెడు మిరియాలతో ఏ ఊళ్లోనైనా బతుకుతాడు. ఇంట్లో అమ్మకో అక్కకో జ్వరమొస్తే చారు కాచి ఇవ్వలేని చదువు ఎందుకు?

అందుకని మేము కోరేవి నాలుగే. నెలకొక ఆదివారం పెద్ద తరగతుల పిల్లలు, పెద్దల పర్యవేక్షణలో, ఒక చారో పులుసో వండాలి. సెలవులకు ఇంటికి వెళ్లిన ప్రతివాడూ అమ్మనో నాయనమ్మనో అడిగి ఒక వంట నోటుపుస్తకంలో రాసుకు రావాలి. మునగాకు చారు, పీతల పులుసు, మేక కాళ్ల చారు, పచ్చిపులుసు, తరవాణి, ఏదైనా సరే, ఎవరింటిదైనా సరే. మరాఠీలో శాహూ పాటోళే అనే రచయిత మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో ఒక పుస్తకమే తెచ్చారు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. మన వంటలు మనం రాయకపోతే ఎవరు రాస్తారు? మెస్ కమిటీలో పిల్లలు పప్పు, నూనె, కూరగాయల కొలతలు తెలుసుకుని మాట్లాడాలి. చివరిగా, ఎవరి డబ్బా మూత తీసినా "కంపు" అనే మాట హాస్టల్లో వినిపించకూడదు.

మువ్వ గోపాలుడి పదాలు లోకమంతా పాడుకుంటున్నారు. పక్కనే ఉన్న కూచిపూడి నాట్యం దేశదేశాల్లో ఆడుతున్నారు. మన చుట్టూ పుట్టినవి ప్రపంచం మెచ్చుకునేదాకా ఆగి, తర్వాత మనం మెచ్చుకోవడం అలవాటైపోయింది. మన వంటల విషయంలోనైనా ముందు మనమే మొదలుపెడదాం.

వచ్చే వార్షికోత్సవానికి చారు నాటిక వద్దని మేము అనడం లేదు. వేయండి. బాగా నవ్వుదాం. కానీ ఈసారి బకెట్లోకి దూకబోయేవాణ్ని ఆపి, "ఆగరా, ముందు వందమందికి పప్పెంతో లెక్క చెప్పు" అనే పాత్ర ఒకటి పెట్టండి. ఆ పాత్ర వేయడానికి మాలో ఇప్పటికే ముగ్గురు సిద్ధంగా ఉన్నారు.